ఎనిమిది రంగుల అట్ట

న్యూమన్ దగ్గర ఇనుప గనిలో
ఆడవాళ్ళ టాయిలెట్ తలుపుకి లోపలివైపు
ఒక అట్ట అంటించి ఉంటుంది.
ఎనిమిది గళ్ళు, ఎనిమిది పసుపులు.
కూర్చున్నంతసేపూ దాన్నే చూడాలి,
చూడ్డానికి ఇంకేమీ లేదు.

గళ్ళకి పేర్లు లేవు, అంకెలే.
నేనే పెట్టుకున్నాను.
ఒకటి, లేత కొబ్బరినీళ్ళు.
రెండు, నిమ్మకాయ పిండిన గ్లాసు.
మూడు, ఎండుగడ్డి.
నాలుగుకి పేరు దొరకలేదు.
ఐదు, ఆవనూనె. ఆరు, తేనె.
ఏడు, బెల్లం పాకం.
ఎనిమిది, రాత్రి మిగిలిన డికాషన్.
ఎనిమిదైతే ట్రక్కెక్కొద్దు, క్లినిక్కి నడువు
అని కింద ఎర్రక్షరాలు.

వచ్చిన మొదటి వారమంతా నాది ఏడు.

రెండంతస్తుల ఎత్తు ట్రక్కు నడపడం
పది రోజుల్లో మంచినీళ్ళ ప్రాయమైంది.
మంచినీళ్ళే కాలేదు.

"రోజుకి ఎంత తాగుతావు హైమా?"
పని నేర్పే కొలీన్ అడిగింది.
నీళ్ళు నమిలాను.
తెలుగు రాదు కాబట్టి
నమలడం ఆమెకి కనపడలేదు.

ఏం చెప్పను?
మా హైస్కూల్లో ఆడపిల్లలకి దొడ్డి ఉండేదనీ
దాని తాళంచెవి డ్రిల్లు మేస్టారి జేబులో ఉండేదనీ
అడగాలంటే
వాలీబాల్ ఆడే మగపిల్లల మధ్యలోంచి
నడిచి వెళ్ళాలనీ.
పొద్దున్న ఏడు నుంచి సాయంత్రం ఐదు దాకా
నాలుక పిడచగట్టుకుపోయినా సరే
సీసా మూత తీసేదాన్ని కాదు.
నిండుగా తీసుకెళ్ళి నిండుగా తెచ్చేదాన్ని.
అమ్మ ఆ నీళ్ళు కనకాంబరాలకి పోసేది.
బాగా పూసేవి.

ఇక్కడ దొడ్డికి తాళం లేదు.
కానీ ట్రక్కు ఆపాలంటే రేడియోలో చెప్పాలి.
ఆ ఛానెల్లో పందొమ్మిదిమంది మగవాళ్ళు.
నేను చెప్పలేదు.
తాగకపోతే చెప్పక్కర్లేదు కదా,
చిన్నప్పటి లెక్కే.

బయట నలభై నాలుగు డిగ్రీలు.
మంచుకొండ కూతురి పేరు పెట్టుకుని
ఎర్రదుమ్ములో తిరుగుతున్నాను.
మూడో వారం, పదకొండో లోడు.
రోడ్డు పక్క తెల్లగుంజలు
రెండేసి కనపడ్డాయి.
పిక్క పట్టేసింది, బ్రేకు మీద కాలు నాది కాదు.
ఎలా ఆపానో తెలీదు.

క్లినిక్‌లో డెస్మండ్
ఉప్పుతీపి ఐసుపుల్ల చేతిలో పెట్టి
పిల్లని చూసినట్టు చూశాడు.
"ఎన్ని లీటర్లు తాగాలో చెప్పండి,
రాసుకుంటాను" అన్నాను.
అందరి దగ్గరా ఒక అంకె ఉంది ఇక్కడ.
పక్క గది తెండాయి ఎనిమిది గ్లాసులంటుంది,
ఫోను మూడు లీటర్ల చిల్లరంటుంది,
వంటాయన బీరు కూడా లెక్కే అంటాడు.
డెస్మండ్ అంకె చెప్పలేదు.
"నీ బరువు, నీ చెమట, నీ తిండి, ఆ రోజు ఎండ.
దాహం వేసేదాకా ఆగకు.
ఆగి ఒక్కసారే కడుపు నింపకు, అదీ ముప్పే.
మిగతాది తలుపు మీద అట్టని అడుగు."
కాసేపాగి,
"అసలు ఎందుకు తాగవు?" అన్నాడు.

ఐసుపుల్ల కరిగి మోచేతి దాకా కారింది.
అప్పుడు చెప్పాను. తాళంచెవి గురించి.
నవ్వుతాడనుకున్నాను.
కొలీన్ గుమ్మంలో నిలబడి వింటోందని
నాకు తెలీదు.
"మొదటి ఏడాది నేనూ అంతే" అంది.
ఆమె స్కూల్లో తాళం లేదట మరి.

ఇప్పుడు తెల్లారి ఐదింటికి
నీలం జగ్గు నింపుతాను.
దాని మీద గోళ్ళరంగుతో గీతలు,
రెండు లోడ్లకి ఒక గీత.
గుక్కెడు, మళ్ళీ గుక్కెడు.

ఇవాళ పదింటికి
రేడియో మీట నొక్కి పట్టుకున్నాను.
బొటనవేలు తెల్లబడింది.
"నలభై ఒకటి. హైమ. టాయిలెట్‌కి ఆపుతున్నా."
గరగర.
ఎవడో ఆవలిస్తూ,
"కాపీ, నలభై ఒకటి."

అంతే.
ఇన్నేళ్ళు బిగబట్టిన దానికి
సగం ఆవలింత.

నిచ్చెన దిగి, దుమ్ము దాటి, తలుపేసుకున్నాను.
నాలుగు.
ఇంకా పేరు దొరకలేదు.
తొందరేముంది,
పన్నెండింటికి మళ్ళీ వస్తాగా.